మానిటర్ ఆపేసి మా కోడింగ్ టెస్ట్ రాసి చూశాను – నా అనుభవం

మా ఆఫీసు మాదాపూర్‌లో. పదకొండేళ్లుగా అక్కడే ప్రోగ్రామర్‌గా చేస్తున్నాను, జీతాల లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ మా టీమ్‌ది. దాంతోపాటు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ఆన్‌లైన్ టెస్టుకు ప్రశ్నలు తయారుచేసే పని కూడా నాకే అప్పజెప్పారు. 2022 ఆగస్టులో ఆ టెస్ట్ రాసిన ఒక కుర్రాడికి మూడు ప్రశ్నలకూ కలిపి సున్నా వచ్చింది. సున్నాలు మాకు కొత్త కాదు, ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాయి, ఎందుకు వచ్చాయో ఎవరూ తెరిచి చూడరు. ఈ కుర్రాడు మాత్రం మర్నాడే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాడు. ప్రశ్నలు నావి కాబట్టి వాళ్లు దాన్ని నాకు పంపేశారు.

మెయిల్ ఐదారు లైన్లే. తాను పూర్తిగా బ్లైండ్ అని, స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీదున్న అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, పనిచేస్తానని, మొదటి ప్రశ్న బొమ్మగా పెట్టడంతో చదవలేకపోయానని, రెండో ప్రశ్నలో కోడ్ రాసే పెట్టెలోకి వెళ్లాక మళ్లీ బయటికి రాలేకపోయానని, ఈలోపు టైమ్ అయిపోయిందని రాశాడు. చివరి వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "నాకు కోడ్ రాక సున్నా రాలేదని చెప్పడానికే ఈ మెయిల్ సార్." మళ్లీ అవకాశం ఇవ్వమని కూడా అడగలేదు.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. అందరూ అడిగేదే నేనూ అడిగాను, "ముందే చెప్పి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం కదా" అని. కాసేపు ఆగి, "ఇదివరకు రెండు కంపెనీలకు ముందే చెప్పిన సార్. టెస్ట్ లింకే రాలే. అందుకే ఈసారి చెప్పకుండ రాసిన" అన్నాడు. ఇక నా దగ్గర మాట లేదు. ఆ శనివారం మూసారాంబాగ్‌లో అతను ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఉంటున్న రూముకు వెళ్లాను. అసలు ఎలా పనిచేస్తాడో చూడాలనిపించింది. పదకొండేళ్ల సర్వీసులో చూపు లేని ప్రోగ్రామర్‌ని నేను ఒక్కరిని కూడా కలవలేదు మరి.

ల్యాప్‌టాప్ తెరిచాడు, స్క్రీన్ మొత్తం నల్లగా ఉంది. పాడైందేమో అనుకున్నాను. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని వెలుతురు పూర్తిగా తగ్గించి పెట్టుకుంటాడట. వాడేది ఎన్‌వీడీఏ, డబ్బులు కట్టక్కర్లేని స్క్రీన్ రీడర్. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపు లేని కుర్రాడు 2006లో మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే అనే ఇంకో చూపు లేని ప్రోగ్రామర్ తోడయ్యాడు. అప్పటికే ఉన్న జాస్ లాంటి స్క్రీన్ రీడర్లు కొనాలంటే మన దగ్గర మామూలు ఇళ్లలో పిల్లలకు సాధ్యమయ్యే ధర కాదు. ఎన్‌వీడీఏ ఉచితం కాకపోతే ఆ రూములో ఆ ల్యాప్‌టాప్ మాట్లాడేదే కాదు.

అది మాట్లాడే స్పీడు చూడాలి. బస్తా మూతి విప్పితే గింజలు జారినట్టు గలగలా పోతోంది, నాకు ఒక్క మాట అందలేదు. నా కోసం బాగా తగ్గించాడు, అప్పుడు అర్థమైంది, అది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్‌ని లైన్ లైన్‌గా చదువుతోంది. పైథాన్‌లో లైన్ ముందు వదిలే ఖాళీ తప్పితే ప్రోగ్రామే నడవదు కదా, మరి ఆ ఖాళీ నీకెలా తెలుస్తుంది అని అడిగాను. సెట్టింగ్‌లో పెట్టుకున్నాడట, లైన్ లోపలికి జరిగినకొద్దీ బీప్ శబ్దం పైస్థాయిలో వస్తుంది, బయటికి వస్తే కిందికి దిగుతుంది. "మీకు కనిపిస్తది సార్, నాకు వినిపిస్తది, అంతే తేడా" అన్నాడు. నా ముందే, నేనే తయారుచేసిన మూడో ప్రశ్న నోటితో చెబితే, పదిహేడు నిమిషాల్లో రాసి నడిపి చూపించాడు. మా దగ్గర ఆ ప్రశ్నకు ముప్పై నిమిషాలు ఇస్తాం.

తన చదువు గురించి కూడా చెప్పాడు, ఇది నాకు టెస్ట్ కంటే పెద్ద విషయం అనిపించింది. ఊరు నల్గొండ జిల్లాలో. పదో తరగతి దాకా హైదరాబాద్‌లో అంధుల పాఠశాలలో, హాస్టల్‌లో ఉండి చదివాడు. లెక్కలంటే ఇష్టం. ఇంటర్‌కి వచ్చేసరికి ఎంపీసీ ఇవ్వలేదు, డయాగ్రాములు ఎలా గీస్తావు, ప్రాక్టికల్స్ ఎలా చేస్తావు అని సీఈసీలో వేశారు. తర్వాత బీకాం కంప్యూటర్స్. ప్రోగ్రామింగ్ అంతా సొంతంగా నేర్చుకున్నదే. మచిలీపట్నం వైపు నుంచి వచ్చిన, చూపు లేని శ్రీకాంత్ బొల్లా విషయం చాలామందికి తెలిసే ఉంటుంది. పది తర్వాత సైన్స్ చదవనివ్వకపోతే కోర్టుకు వెళ్లి మరీ చదివి, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లి, తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ఆయన గెలిచారు, గొప్ప విషయమే. కానీ పదిహేనేళ్ల పిల్లలు కోర్టుకు వెళ్తే తప్ప లెక్కలు దొరకని చోట, వెళ్లలేని పిల్లలంతా ఏమయ్యారు? సీఈసీలోకి, హెచ్‌ఈసీలోకి వెళ్లారు. మా కంపెనీ అర్హతల్లో మొదటి లైను "బీటెక్ మాత్రమే." అంటే ఇంటర్‌లో వాళ్లకు మూసేసిన తలుపునే మేం ఇంకోసారి మూస్తున్నాం. ఈ కుర్రాడు రెఫరల్ మీద వచ్చాడు కాబట్టి ఆ ఫిల్టర్ దాటి టెస్ట్ దాకా రాగలిగాడు. దాటలేకపోయిన వాళ్ల లెక్క మా దగ్గర లేదు, ఎందుకంటే వాళ్ల అప్లికేషన్ మనిషి కంటిదాకా రాదు, కంప్యూటరే పక్కన పడేస్తుంది.

ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఎన్‌వీడీఏ దించుకుని, ఒక గంట దాని కీలు నేర్చుకుని, మానిటర్ స్విచ్ ఆపేసి, మౌస్ పీకి పక్కన పెట్టి మా టెస్ట్ లింక్ తెరిచాను. తొంభై నిమిషాల టెస్ట్. ప్రశ్నలు నేను రాసినవే, జవాబులు నాకు తెలుసు. అయినా ఏం జరిగిందో వివరంగా చెప్తాను, ఎందుకంటే టెస్టులు పెట్టేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు ఇదే పనికొస్తుంది.

పేజీ తెరుచుకోగానే "ఎనభై తొమ్మిది, యాభై ఎనిమిది. ఎనభై తొమ్మిది, యాభై ఏడు" అని చదవడం మొదలుపెట్టింది. గడియారం. సెకను మారినప్పుడల్లా దాన్ని గట్టిగా చదివించేలా ఎవరో ప్రోగ్రామర్ ఒక సెట్టింగ్ పెట్టారు, బహుశా మంచి ఉద్దేశంతోనే. ఫలితం ఏంటంటే, ప్రశ్న సగం చదివేలోపు గడియారం అడ్డం పడుతుంది, మళ్లీ మొదటి నుంచి వినాలి, మళ్లీ అడ్డం. మొదటి ప్రశ్న దగ్గరికి వెళ్తే "ఇమేజ్" అంది, ఊరుకుంది. అది నా తప్పు. ప్రశ్న కాపీ కొట్టి నెట్‌లో వెతక్కుండా ఉండాలని నేనే దాన్ని స్క్రీన్‌షాట్‌గా పెట్టాను. నాలుగేళ్లుగా అది అలాగే ఉంది.

రెండో ప్రశ్నకు వెళ్లాను. కోడ్ రాసే పెట్టెలోకి దిగాను, రాశాను. ఇప్పుడు 'రన్' బటన్ దగ్గరికి వెళ్లాలి. మౌస్ లేనివాళ్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ట్యాబ్ కీతో వెళ్తారు. కానీ కోడ్ పెట్టెలో ట్యాబ్ నొక్కితే నాలుగు ఖాళీలు పడతాయి. నొక్కిన ప్రతిసారీ ఖాళీలే, బయటికి దారి లేదు. ప్రోగ్రామర్లు వాడే వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో అయితే కంట్రోల్‌తో ఎమ్ నొక్కితే ట్యాబ్ కీ పని మారి బయటికి తీసుకెళ్తుంది, ఇక్కడ అదీ పనిచేయలేదు. అది నా ఇల్లు, నా కుర్చీ, చెయ్యి చాపితే మానిటర్ వెలుగుతుంది. అయినా చెమట పట్టింది. ఆ కుర్రాడు అక్కడ ముప్పై నిమిషాలకు పైనే ఉండిపోయాడని తర్వాత లాగ్స్‌లో, అంటే నొక్కిన కీలన్నీ నమోదయ్యే రికార్డులో, చూశాను. వరసగా ట్యాబ్, ట్యాబ్, ట్యాబ్, ఎస్కేప్, మళ్లీ ట్యాబ్. ఆ లాగ్ చదువుతుంటే కడుపులో దేవినట్టయింది.

పేజీని మళ్లీ లోడ్ చేసి ఎలాగో బటన్ దాకా వచ్చాను, అది తన పేరు చెప్పలేదు, "క్లికబుల్" అంది. ఏం క్లిక్ చేస్తున్నానో తెలియకుండా క్లిక్ చేశాను. ఫలితం ఏమొచ్చిందో చదవలేదు, ఎందుకంటే పాసైతే ఆకుపచ్చ చుక్క, ఫెయిలైతే ఎర్ర చుక్క, మాట ఏమీ లేదు. పైగా కెమెరా నిఘా ఒకటి, తెరవైపు చూడకపోతే హెచ్చరిక, మూడు హెచ్చరికలకు టెస్ట్ రద్దు. తెర వైపు చూడాల్సిన అవసరమే లేని మనిషి ఎటు చూడాలి? తొంభై నిమిషాలయ్యాక మానిటర్ వేసి చూస్తే నాకు వంద మార్కులకు పద్నాలుగు వచ్చాయి, నా సొంత ప్రశ్నలకు. ఆ రాత్రి నాకు పూర్తిగా అర్థమైంది, ఈ టెస్ట్ కోడ్ రావడం రాకపోవడం కంటే ముందు కళ్లు ఉన్నాయా లేవా అని పరీక్షిస్తోంది, ఆ మార్కుల్నే మేం తెలివి అని రాసుకుంటున్నాం.

సోమవారం నుంచి అసలు పని మొదలైంది, అది త్వరగా అయిపోలేదు. మా మేనేజర్ మంచి మనిషే, కానీ మొదటి మాట "అసలు చూపు లేకుండా పెద్ద ప్రాజెక్టుల్లో పని ఎలా చేస్తారు" అనే. నాకు అప్పటికే చదివి తెలుసు కాబట్టి టి.వి. రామన్ గురించి చెప్పాను. పద్నాలుగేళ్ల వయసులో చూపు పూర్తిగా పోయింది, ఐఐటీ బాంబేలో చదివి, కార్నెల్‌లో 1994లో పీహెచ్‌డీ చేసి, ఈమాక్స్‌పీక్ అనే మాట్లాడే ఎడిటర్ రాసి 1995లో లోకానికి ఉచితంగా ఇచ్చి, గూగుల్‌లో ఏళ్ల తరబడి పనిచేశారు. మేనేజర్ విన్నారు కానీ "అలాంటివాళ్లు ఎక్కడో ఒకరు" అన్నారు. నిజంగా ఆయన మనసు మార్చింది పేరున్న మనుషుల కథలు కాదు. నేను ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, స్క్రీన్ ఆపి, ఎన్‌వీడీఏ పెట్టి, "ఒక్క ప్రశ్న చదవండి చాలు" అన్నాను. నాలుగు నిమిషాలు ఓపిక పట్టారు. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, "ఏం కావాలో రాసివ్వు" అన్నారు.

ఇంకో అభ్యంతరం బలమైనది, చాలామంది నిజాయితీగానే అడిగారు: అందరికీ ఒకే టెస్ట్ ఉండాలి కదా, ఒకరికి వేరేగా పెడితే మిగతావాళ్లకు అన్యాయం కాదా? నేను ఇచ్చిన జవాబు ఇది. ప్రశ్న ఒకటే ఉండాలి, దాని దగ్గరికి వెళ్లే దారి ఒకటే ఉండాల్సిన పని లేదు. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లను తీసేసి రాయమని మనం అనం. ఎక్కువ టైమ్ విషయంలో కూడా, ప్రభుత్వ రాత పరీక్షలకు 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలని ఉంది. మేం అదే లెక్క తీసుకుని తొంభైని నూట ఇరవై చేశాం.

హెచ్‌ఆర్ వాళ్లతో చట్టం గురించి మాట్లాడాల్సి వచ్చింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. నాలుగు శాతం రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే కాబట్టి ప్రైవేటు కంపెనీలకు ఈ చట్టంతో పనిలేదని చాలామంది అనుకుంటారు. కానీ 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. ఇరవై మందికి తగ్గకుండా ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అయితే ఎంపిక ఎలా చేస్తారో, ఏ పరికరాలు సమకూరుస్తారో, దీనికి బాధ్యుడైన లైజన్ ఆఫీసర్ ఎవరో అందులో రాయాలి. మాకు ఆ పత్రం ఉందని, వెబ్‌సైట్‌లో పెట్టామని చెప్పారు. తెరిచి చూస్తే అది స్కాన్ చేసిన కాగితం, స్క్రీన్ రీడర్‌కి అందులో ఒక్క అక్షరం లేదు. ఎవరికోసం రాశారో వాళ్లే చదవలేని పత్రం. ఆ లైజన్ ఆఫీసర్ పేరున్న మనిషి కంపెనీ వదిలి రెండేళ్లయింది. కోపం వచ్చిన మాట నిజం. కానీ కొత్తగా వచ్చిన హెచ్‌ఆర్ మేడం అది చూసి వారంలో పత్రాన్ని మామూలు వెబ్ పేజీగా మార్పించారు, ఆ బాధ్యత కూడా తన పేరు మీదే పెట్టుకున్నారు. ఆ తర్వాత జరిగిన వాటిలో కూడా ఆవిడ లేకపోతే నేను ఒక్కడినీ ఏం చేయగలిగేవాడిని కాదు. టెస్ట్‌కి ముందే సదరం సర్టిఫికెట్ అడగాలన్న రూలును కూడా ఆవిడే తీసేయించారు, ఏ సౌకర్యం కావాలో అభ్యర్థి చెబితే చాలు, కాగితాలు ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చని.

టెస్ట్ నడిపే సాఫ్ట్‌వేర్ మాది కాదు, వేరే వాళ్ల దగ్గర అద్దెకు తీసుకున్నది. మొదటి రెండు మెయిళ్లకు "మీ సూచనకు ధన్యవాదాలు" అని వచ్చింది. మూడోసారి పద్ధతి మార్చాను. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండటానికి వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ అనే సంస్థ నియమాలు ఉన్నాయి, డబ్ల్యూక్యాగ్ అంటారు. కీబోర్డ్‌తో లోపలికి వెళ్లినవాడు కీబోర్డ్‌తోనే బయటికి రాగలగాలి అనేది అందులో 2.1.2 నంబరు నియమం, 2008 నుంచీ ఉంది, అదీ కనీస స్థాయిలో. రంగు ఒక్కదానితోనే సమాచారం చెప్పకూడదనేది 1.4.1. బొమ్మకు బదులుగా చదవగలిగే మాట ఉండాలనేది 1.1.1. ఒక్కొక్క తప్పుకూ నంబరు వేసి, నేను రికార్డ్ చేసిన శబ్దం జతచేసి, ఇవి సరిచేయకపోతే రెన్యువల్ చేసేది లేదని మా కొనుగోళ్ల విభాగంతో ఒక లైను రాయించి పంపాను. అప్పుడు వాళ్ల ఇంజనీర్ ఫోన్ చేశాడు. ఈ పని చేయాలనుకునే వాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే, జాలితో రాసిన మెయిల్‌కి థ్యాంక్స్ వస్తాయి, బగ్‌గా రాసిన మెయిల్‌కి మనిషి వస్తాడు.

అయినా ఐదు నెలలు పట్టింది. ఈలోపు మేం ఇంకో దారి పెట్టాం. అభ్యర్థి తన సొంత ల్యాప్‌టాప్‌లో, తనకు అలవాటైన ఎడిటర్‌లో రాయొచ్చు, ప్రశ్న మామూలు టెక్స్ట్ ఫైలులో వస్తుంది, కెమెరా నిఘాకు బదులు మా ప్యానెల్ నుంచి ఒకరు కాల్‌లో ఉంటారు. ఈ దారి చూపు లేనివాళ్లకు మాత్రమే అని పెట్టలేదు, ఎవరు అడిగినా ఇస్తాం, కారణం చెప్పక్కర్లేదు. చేతులు సరిగా పనిచేయని ఒక అమ్మాయి నోటితో చెప్పి రాసే సాఫ్ట్‌వేర్‌తో రాసింది. ఇంట్లో నెలల పాప ఉన్న ఒకావిడ మధ్యలో పావుగంట విరామం అడిగింది. ఇలాంటివి మాకు ముందు తట్టనే లేదు.

2023 జనవరిలో ఆ కుర్రాడికి మళ్లీ ఫోన్ చేశాను, ఇప్పుడు రాస్తావా అని. చాలా సంతోషంగా మాట్లాడాడు. "అన్నా, నాకు బ్యాంకుల క్లర్కు ఉద్యోగమొచ్చింది. ఇంట్ల అమ్మ, నాయిన మస్తు ఖుషీగ ఉన్నరు. ఇప్పుడు ఇడిసిపెట్టి రమ్మంటే ఎట్లన్నా" అన్నాడు. ఏమనగలను? ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగం, రిజర్వేషన్ ఉంది, భద్రత ఉంది. అక్కడ అతన్ని పరీక్ష దగ్గరే ఆపేయలేదు. మేమే ఆపాం, మా తప్పు మేం దిద్దుకునేలోపు ఆ మనిషి వెళ్లిపోయాడు. నాకు చాలా రోజులు మనసు బాగాలేదు. పదిహేడు నిమిషాల్లో ఆ ప్రోగ్రామ్ రాసిన చెయ్యి మా టీమ్‌లో ఉండాల్సింది. కానీ ఫోన్ పెట్టేముందు "నా జూనియర్లు ఇద్దరున్నరు, వాళ్లకు లింకు పంపన్నా" అన్నాడు.

ఆ ఇద్దరిలో ఒక అమ్మాయి వరంగల్ నుంచి, బీఏ చదివింది. అప్పటికి హెచ్‌ఆర్ మేడం, నేను కలిసి "బీటెక్ మాత్రమే" అన్న లైనుతో చాలా పోరాడి, "ఏ డిగ్రీ అయినా, రాసిన కోడ్ చూపించాలి" అని మార్పించాం. పది, ఇంటర్, డిగ్రీ అన్నింటిలో అరవై శాతం ఉండాలన్నదీ, చదువులో గ్యాప్ ఉండకూడదన్నదీ కూడా పోయాయి. ఈ మార్పు వల్ల జిల్లాల్లో బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన పిల్లలు ఎంతమంది వచ్చారో చూసి మా వాళ్లే ఆశ్చర్యపోయారు, అది ఇంకోసారి రాస్తాను.

ఆ అమ్మాయి ఇంటర్వ్యూలో మేం ఇంకో పాఠం నేర్చుకున్నాం. ఆమె ఒక చెవిలో స్క్రీన్ రీడర్ వింటోంది, ఇంకో చెవిలో మా మాట. మా వాడు ఒకడు అలవాటు ప్రకారం ఆమె కోడ్ రాస్తుంటే మధ్యలో "ఆ లూప్ గురించి ఏమనుకుంటున్నారు, ఇక్కడ ఇంకో పద్ధతి ఉందేమో" అంటూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె రెండుసార్లు తడబడింది. తర్వాత నిదానంగా, "సార్, మీరు మాట్లాడేటప్పుడు నాకు నా కోడ్ వినిపించదు. మీరు మాట్లాడండి, నేను ఆపుతాను. లేదంటే నేను రాస్తాను, మీరు ఆగండి" అంది. మేం ఆగాం. నలభై నిమిషాలు ఎవరం మాట్లాడలేదు, ఆమె కీబోర్డ్ చప్పుడు ఒక్కటే. సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో బాక్సులు గీయమని అడగలేదు, ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కి ఏం వెళ్తుందో వరసగా రాసి చెప్పమన్నాం. నిజం చెప్తున్నాను, బోర్డు మీద బాణాలు గీసినవాళ్లలో చాలామంది కంటే స్పష్టంగా చెప్పింది. బాణం గీసేవాళ్లు అది ఎటు ఎందుకు వెళ్తుందో చెప్పకుండా దాటేయగలరు, మాటల్లో రాసేవాళ్లకు ఆ వీలుండదు. ఇప్పుడు అందరికీ ఆ రౌండ్ అలాగే పెడుతున్నాం.

2023 ఏప్రిల్‌లో చేరింది. చేరాక అంతా సాఫీగా ఏమీ లేదు. మొదటి రోజు కంప్యూటర్ మీద ఎన్‌వీడీఏ వేయడానికి సెక్యూరిటీ అనుమతి లేదు, మూడు రోజులు ఖాళీగా కూర్చుంది. ఉద్యోగులందరూ తప్పనిసరిగా చేయాల్సిన ట్రైనింగ్ వీడియోల్లో 'తర్వాత' బటన్ మౌస్‌తో తప్ప నొక్కలేం. లిఫ్ట్‌లో నంబర్లు టచ్ ప్యానెల్ మీద, ఏ అంతస్తు వచ్చిందో చెప్పదు, ఎవరో ఒకరు తోడు రావాలి. లిఫ్ట్ బాగవడానికి బిల్డింగ్ వాళ్లతో ఏడు నెలలు పట్టింది. మా టీమ్‌లో అన్నిటికంటే పెద్ద సమస్య మాత్రం స్క్రీన్‌షాట్లు. ఎర్రర్ వస్తే ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మాకందరికీ అలవాటు, ఆమెకు అది ఖాళీ. ఒకరోజు రాత్రి ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో, జీతాల ఫైలు ఆగిపోయింది, అందరూ ఫొటోలు పెడుతున్నారు, ఆమె "ఎవరైనా ఆ ఎర్రర్ అక్షరాల్లో పెట్టండి ప్లీజ్" అని మూడుసార్లు రాసింది, నాలుగోసారికి గానీ ఎవరూ చూడలేదు. అక్షరాల్లో పెట్టిన పది నిమిషాలకు తప్పు ఎక్కడుందో ఆమే చెప్పింది, తేదీ ఫార్మాట్‌లో ఒక ఖాళీ ఎక్కువ పడింది. మేం చూస్తున్నది ఫొటోలో, ఆ ఖాళీ కంటికి ఆనదు. ఆమె స్క్రీన్ రీడర్ దాన్ని "స్పేస్" అని చదివింది. ఆ రాత్రి నుంచి మా గ్రూపులో ఎర్రర్ ఫొటో పెట్టకూడదని రూలు, కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్తాం.

ఇప్పుడు మా దగ్గర చూపు లేని ప్రోగ్రామర్లు ఇద్దరు, వినికిడి లేని టెస్టర్ ఒకతను ఉన్నారు. సంఖ్య చిన్నదే. పై స్థాయి ప్రమోషన్లకు ఇంకా స్లైడ్లు చేసి చూపించే పద్ధతే ఉంది, దాని మీద మాట్లాడుతున్నాం, ఇంకా తేలలేదు. బ్యాంకులో ఉన్న తమ్ముడు నెలకోసారి ఫోన్ చేస్తాడు, సాయంత్రాలు ఇంకా కోడ్ రాస్తున్నాడు, వాళ్ల బ్రాంచ్‌లో రోజూ చేతితో చేసే ఒక లెక్కకు ప్రోగ్రామ్ రాసుకున్నాడట.

నేను ప్రశ్న ఏది తయారుచేసినా ముందు వరంగల్ అమ్మాయికి పంపుతాను, ఆమె సరేనంటేనే టెస్ట్‌లోకి వెళ్తుంది. పోయిన వారం పంపినదాన్ని వెనక్కి పంపింది. బొమ్మ లేదు, రంగు లేదు, అంతా టెక్స్టే, ఏం తప్పుందా అని చూశాను. మూడో లైనులో "కుడివైపు ఉన్న పట్టికలో" అని రాశాను. "అన్నా, నాకు కుడి ఎడమ లేవు, ముందు తర్వాత మాత్రమే ఉంటాయి" అని పక్కన రాసింది. "ఈ కింది పట్టికలో" అని మార్చి మళ్లీ పంపాను.